రాజమండ్రి ఉక్కపోత: పైకప్పు తెల్లగా ఉంటే ఎంత తేడా?

గోదావరి పక్కనే ఉంది కదా, రాజమండ్రి చల్లగా ఉంటుందనుకుంటారు బయటివాళ్లు. మే నెలలో ఒక్క రాత్రి రేకుల ఇంట్లో పడుకుంటే ఆ మాట అనరు. పగలు ఎండ ఒక బాధ అయితే, రాత్రి పది దాటినా గోడలు వేడిగా తగలడం ఇంకో బాధ. సిమెంటు, తారు, ఇనుము పగలంతా ఎండను దాచుకుని చీకటిపడ్డాక మెల్లగా వదులుతాయి. అందుకే చుట్టుపక్కల చేలకంటే ఊరి నడిబొడ్డు రాత్రుళ్లు ఎక్కువ వేడిగా ఉంటుంది. దీన్నే 'అర్బన్ హీట్ ఐలాండ్' అంటారు. ఏసీలు గదిలోని వేడిని సందులోకి తోసి దాన్ని ఇంకా పెంచుతాయి.

డెల్టాలో దీనికి తేమ తోడవుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో వడగాడ్పు అనడానికి కనీసం 40 డిగ్రీలు ఉండాలి, తీరప్రాంతంలో 37 డిగ్రీలు చాలు. రెండుచోట్లా అది మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. పడమటి గాడ్పు వీచే రోజున కూలర్, వట్టివేళ్ల తడికలు బాగానే పనిచేస్తాయి. గాలి సముద్రం వైపు నుంచి తిరిగిందా, అదే కూలర్ గదిలో ఉక్క పెంచుతుంది.

2015 మే వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. కూలీలు, ముసలివాళ్లే ఎక్కువ.

పాతకాలం ఇళ్లు ఈ సంగతి ఎరిగి కట్టినవే. కోనసీమ మండువా లోగిలిలో మధ్యలో ఆకాశం కనిపిస్తుంది. వేడిగాలి అటు పైకి పోతుంది, చుట్టూ వసారా గోడలకు ఎండ తగలనివ్వదు. తాటాకు ఇల్లు ఇంకా చల్లన. కానీ నిప్పుకి, తుఫానుకి ఆగదు కాబట్టే జనం రేకులకు, డాబాలకు మారారు. అది తప్పేం కాదు. రేకును చల్లబరిచే దారే వెతకాలి.

చవకైన దారి తెల్ల పైకప్పు. లేత రంగు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. 2017లో హైదరాబాద్ బస్తీలో 25 ఇళ్లపై తెల్లటి కవరింగ్ వేసి చూస్తే, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు, సైజుతో పనిలేకుండా ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. చిక్కేమిటంటే, ఎక్కువ కాలేది చిన్న రేకుల ఇల్లు, అది ఈ లెక్కలోకి రాదు.

ఇంట్లో సొంతంగా చేసుకోవాలంటే ఫిబ్రవరి, మార్చిలోనే సున్నం కొట్టించాలి. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. కూల్ రూఫ్ పెయింట్‌కు ఖర్చు ఎక్కువే గానీ కొన్నేళ్లు ఉంటుంది. మసీదు, మదర్సా, స్కూలు డాబాలకు ఇది మరీ పనికొస్తుంది, మధ్యాహ్నం జనం కూడేది అక్కడే కదా. సిమెంటు రేకులను మాత్రం గీకకూడదు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిపి, మెత్తని గుడ్డతో తుడిచి రంగు వేయాలి.

ఇక చెట్లు. పక్కనే కడియం నర్సరీల నుంచి లారీల్లో మొక్కలు దేశమంతా పోతాయి. రాజమండ్రి బస్టాపుల్లో మాత్రం నీడ కోసం కరెంటు స్తంభం వెనక నిలబడాలి. వేప, కానుగ ఐదారేళ్లలో నీడనిస్తాయి. ఈ వేసవికి మాత్రం పైకప్పు మీద సున్నమే దిక్కు.