ప్రాణం నిలిపిన మాత్ర, వెంట వచ్చిన షుగర్

సికింద్రాబాద్ అలెగ్జాండర్ రోడ్డులోని సాయిరాం టవర్స్‌లో ఒకప్పుడు మ్యాట్రిక్స్ లేబొరేటరీస్ ఆఫీసు ఉండేది. హెచ్‌ఐవీ మందుల ధర దించడానికి 2003 అక్టోబరులో క్లింటన్ ఫౌండేషన్ కుదుర్చుకున్న ఒప్పందంలో సిప్లా, రాన్‌బాక్సీలతో పాటు ఈ కంపెనీ కూడా ఉంది. 2000 నాటికి ఒక్కో మనిషికి ఏడాదికి 10 వేల డాలర్లు దాటిన చికిత్స 140 డాలర్లకు దిగింది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వమే ఉచితంగా మందులివ్వసాగింది.

ఆ చవక మాత్రలో ఉన్నవి స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. చావు అంచున ఉన్నవాళ్లు లేచి పనుల్లోకి వెళ్లారు. అయితే స్టావుడిన్ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. బుగ్గల్లో, కాళ్లూచేతుల్లో కొవ్వు కరిగిపోతుంది. దాచుకునే చోటు లేక ఆ కొవ్వు కాలేయానికీ కండరాలకూ చేరుతుంది. అక్కడిక ఇన్సులిన్ మాట చెల్లదు, షుగర్ పెరుగుతుంది. పీక్కుపోయిన బుగ్గలు చూసి నలుగురూ జబ్బును పోల్చుకునేవారు. ఇంట్లోవాళ్లకే చెప్పుకోలేని సంగతిని మందే బయటపెట్టడం ఎంత నరకం!

ఖరీదైన మందులదీ అదే కథ. 1995 చివర్లో మొదలైన ప్రొటీజ్ ఇన్హిబిటర్లనే హెచ్‌ఐవీ మందుల వల్ల మధుమేహం రావచ్చని 1997లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వాటిలో ఒకటైన ఇండినవిర్, గ్లూకోజును కణంలోకి చేరవేసే గ్లూట్-4 ప్రొటీన్‌కే అడ్డుపడుతుందని 2000లో తేలింది.

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను వదిలేయమంది. అప్పటికే మ్యాట్రిక్స్ అమెరికా కంపెనీ మైలాన్ చేతికి వెళ్లింది. 2017లో అదే మైలాన్, హైదరాబాద్ అరబిందో కలిపి డోలుటెగ్రవిర్ ఉన్న కొత్త మాత్రను ఏడాదికి దాదాపు 75 డాలర్లకు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. పాతవాటికన్నా ఇది ఎంతో మేలు. అయినా కొందరిలో బరువూ షుగరూ పెరుగుతున్నాయి. కాబట్టి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 పరీక్షతో పాటు పరగడుపు షుగర్ కూడా తప్పకుండా చూడాలని నా పట్టుదల.

ఇంకో చిక్కుంది. డోలుటెగ్రవిర్ రక్తంలో షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ను సుమారు 79 శాతం పెంచుతుంది. అందుకే రెండూ వాడేవారికి మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. గాంధీ ఆసుపత్రిలో హెచ్‌ఐవీకి ఒక చీటీ, పేటలోని క్లినిక్‌లో షుగర్‌కు ఇంకో చీటీ రాయించుకునేవారు రెండింటినీ ఇద్దరు డాక్టర్లకూ చూపించాలి. హెచ్‌ఐవీ మాత్రను మాత్రం సొంతంగా ఆపకూడదు.