బందరులోని డచ్చివారి సమాధులు

క్రీ.శ. 1605వ సంవత్సరమున, గోలకొండ సుల్తానుల యేలుబడిలోనున్న బందరు, అనగా మచిలీపట్టణపు రేవునకు డచ్చి వర్తకులను రప్పించినది మన బట్టల ప్రఖ్యాతియే. తూర్పుదీవులలో లవంగములును జాజికాయయు కొనవలెనన్న, అచ్చటివారు తెలుగునాటి అద్దకపు గుడ్డలను మిక్కిలి మక్కువతో కోరుచుండుటచే, చిరివేరుతో ఎఱ్ఱరంగు పట్టించిన మన వస్త్రములు ఓడలకెక్కి సముద్రములు దాటెను. ఆ వ్యాపారమునకై వచ్చినవారిలో మరల స్వదేశము చూడనోచుకొననివారి సమాధులు బందరులో నేటికిని నిలిచియున్నవి.

రాతిపలక పైభాగమున వంశచిహ్నము. దాని క్రింద డచ్చి భాషలో మృతుని నామము, డచ్చి వర్తక కంపెనీలో నతని పదవి, మరణదినము, వయస్సు. అక్షరములను లోనికి త్రవ్వక, వాని చుట్టునున్న రాతినంతయు చెక్కివైచి, అవి పైకి ఉబికియుండునట్లు మలచిరి. ఒక్క పేరు తీర్చుటకెంత ఓర్పు వలయునో ఉలి పట్టినవారికే యెఱుక. ఆ బట్టలు నేసిన సాలెల పేరుగాని, అద్దకమువేసినవారి పేరుగాని యే రాతిమీదను లేకపోవుట నన్ను బాధించుచునే యున్నది. అయినను ఈ రాళ్లను ఉపేక్షింపరాదు. ఆ సాలెల, అద్దకమువారి పనితనమెంత దూరదేశీయుల నాకర్షించెనో చెప్పు సాక్ష్యములలో నివియు నున్నవి గదా!

1824నాటి ఒడంబడికచే డచ్చివారు తమ స్థావరములను ఇంగ్లీషువారికి వదలివెళ్లిరి. 1864 నవంబరు 1వ తేదీని ఉప్పెన వచ్చి బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. అంతటి విపత్తును చూచిన సమాధులకు, గచ్చు నెఱ్ఱెలలో మొలచు రావిమొక్కయు, ఎడతెగని ఉప్పుగాలియు నిత్యశత్రువులు. అలెగ్జాండరు రీ అను పురావస్తు పండితుడు మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడములను గూర్చి 1897లో ప్రకటించిన గ్రంథమున వీనిని శ్రద్ధతో వర్ణించెను. ఇప్పుడీ శ్మశానవాటిక కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనున్నది. 2010నాటి చట్టసవరణచే అట్టి కట్టడములకు 100 మీటర్ల మేర క్రొత్త నిర్మాణములు నిషిద్ధములు.

చట్టము గోడలు లేవకుండ ఆపగలదుగాని, చూచువారిని తేజాలదు. ప్రతి పలకచెంతను దానిమీది వ్రాతను తెలుగున వ్రాసియుంచుడని అధికారులను, ఏటికొక్కమారైనను పిల్లలనచ్చటికి తోడ్కొనిపొండని బందరు ఉపాధ్యాయులను ప్రార్థించుచున్నాను.