బొగ్గు సీమలో ఇల్లూ వాకిలీ

ఒక సీమ చరిత్రను మనం శాసనాలలో చదువుతాము, కోటగోడలలో చదువుతాము. ఇండ్ల వరుసలలో కూడా చదువవచ్చునని సామాన్యంగా తోచదు. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టినారు? ఎవరి నేలమీద కట్టినారు? ఆ ఇల్లు ఎంతకాలం వారిదై నిలిచినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన యెడల ఆ సీమ చరిత్రలో సగం తెలిసినట్లే. పెద్దపల్లి జిల్లాలోని రామగిరి, రామగుండం, గోదావరిఖని ప్రాంతాలను ఈ దృష్టితో పరిశీలించుదాము.

రామగిరి అనగానే శ్రోతలకు స్ఫురించేది మంథనికి, పెద్దపల్లికి నడుమ, బేగంపేట చెంతనున్న గిరిదుర్గం. శ్రీరాముడు వనవాస కాలంలో ఇక్కడ విడిసినాడని స్థల ఐతిహ్యం. శ్రావణ మాసంలో జనం గుంపులుగా కొండనెక్కుట నేటికీ ఆచారమే. సమీపాన గల మంథనికి మంత్రకూటమని ప్రాచీన నామం. కాకతి రెండవ ప్రోలరాజు మంత్రకూట ప్రభువైన గుండనను జయించినాడని 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చెప్పుచున్నది. కాబట్టి బొగ్గు బయటపడక మునుపు ఇది పేరులేని అడవి అనుకొనరాదు. గుళ్ళు, చెరువులు, పల్లెలు కలిగిన పాత సీమ ఇది. ఆ పల్లెలలో ఇల్లు తాతలనాటి నేలమీద నిలిచి ఉండేది. కులవృత్తులను బట్టి వాడలు ఏర్పడినవి. ఇల్లు అమ్ముకొన్నాడనుట ఆ కుటుంబం చితికిపోయినదనుటకు మారుమాటగా ఉండేది.

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్న సంగతిని 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగ్ కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గం 1929 నాటికి పూర్తియై రామగుండాన్ని ఉత్తర దేశంతో కలిపినది. గనులు మాత్రం ఈ గోదావరి తీరానికి 1960 ప్రాంతంలో చేరినవి. గోదావరిఖని అను ఊరు అంతకుముందరి పటాలలో కానరాదు. నది పేరుకు గనిని జోడించగా పుట్టిన నామమది.

కరీంనగరం, వరంగల్లు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలనుండి సేద్యం గిట్టనివారు, భూమి లేనివారు, మగ్గం విడిచినవారు బాయి పనికి వచ్చినారు. ఈ సీమలో బొగ్గు గనిని బాయి అనే అంటారు. తొలుత వచ్చినవారికి ఖాళీ జాగాలో వేసుకొన్న గుడిసెయే ఇల్లు. తరువాత కంపెనీ క్వార్టర్లు లేచినవి. ఇక్కడ ఒక గొప్ప మార్పు జరిగినది. పల్లెలో మనిషి ఇల్లు అతని కులపు వాడలో ఉండేది. కాలనీలో అతని ఉద్యోగపు హోదాను, సర్వీసును బట్టి వచ్చినది. వేర్వేరు కులాలవారు ఒకే గోడకు ఇరుప్రక్కల కాపురమున్నారు. ఒకే షిఫ్టుకు పోయేవారు ఇరుగుపొరుగు అయినారు. బతుకమ్మను ఒకే చోట పేర్చి ఆడినారు. గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మల గద్దెలు వెలసి, మేడారం దాకా పోలేనివారికి అక్కడనే జాతర జరుగుచున్నది. కొత్తగా వచ్చినవారు తమ దేవతలను వెంట తెచ్చుకొని కొత్త నేలను సొంతం చేసుకొన్నారు.

అయితే ఈ ఇంటికి ఒక లోపం కలదు. క్వార్టరు ఉద్యోగానికి చెందినదే గాని మనిషికి చెందినది కాదు. పదవీ విరమణతో దానిని ఖాళీ చేయవలెను. ముప్పది నలుబది ఏండ్లు బాయిలో పనిచేసినవాడు ఆనాడు ఎక్కడికి పోవలెను? సొంత ఊరిలో ఇల్లు కూలి ఉండును, లేదా అన్నదమ్ముల పాలై ఉండును. పిల్లలు పుట్టి పెరిగినది కాలనీలో. అందుచేత అతడు గోదావరిఖనిలోనే జాగా వెదకినాడు. దీనితో ఇంటి స్థలం అంగడి సరుకైనది.

ఆ అంగడిని మరికొన్ని కారణాలు పెంచినవి. రామగుండంలో 1978లో శంకుస్థాపన జరిగిన జాతీయ తాప విద్యుత్కేంద్రం క్రమంగా 2,600 మెగావాట్ల సామర్థ్యానికి పెరిగినది. ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడినది. సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో పనిలోనికి వచ్చినది. 2011 జనగణన నాటికి రామగుండం పట్టణ జనాభా సుమారు 2 లక్షల 30 వేలు. ఇంకొక వంక, 1990 దశకారంభంలో లక్షకు మించిన సింగరేణి కార్మికుల సంఖ్య యంత్రాలు, ఓపెన్‌కాస్టు గనులు, స్వచ్ఛంద విరమణ పథకాల మూలాన తరిగి నలుబది వేల దరికి వచ్చినది. పర్మినెంటు కొలువు తగ్గి కాంట్రాక్టు పని పెరిగినది. క్వార్టరుకు అర్హతలేని ఆ కూలీలు అద్దె గదులను ఆశ్రయించినారు. ఒకప్పుడు కొలువుతోపాటు వచ్చిన నీడకు ఇప్పుడు కూలిలోనుండి వెల కట్టవలసి వచ్చినది.

మరి స్థలంపై హక్కు మాటేమి? బొగ్గు పట్టణాలలో అనేకుల ఇండ్లు సంస్థకో ప్రభుత్వానికో చెందిన నేలమీద లేచినవి. ఇంటిపన్ను కట్టినా, కరెంటు మీటరున్నా, పట్టా లేదు. పట్టా లేని ఇంటికి బ్యాంకు అప్పు దొరకదు. అమ్మబోతే వెల సగం. సంస్థ ప్రభుత్వానికి అప్పగించిన భూములలో ఇండ్లు కట్టుకొన్నవారికి హక్కు కల్పించుటకు 2019లో 76వ సంఖ్యగల ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినది. దశాబ్దాలు కాపురమున్నవారికి ఒక్క కాగితం ఎంత విలువైనదో దీనివలన తెలియుచున్నది.

ఇక రామగిరి సంగతి. సింగరేణి నూరేండ్ల పండుగకు గుర్తుగా సెంటినరీ కాలనీ అను పేరు పొందిన ఉపనగరం ఈ మండలంలోనే ఉన్నది. అక్కడనే 2010లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల నెలకొన్నది. కోట నీడన మునుపు లేని అంగళ్ళు, అద్దె ఇండ్లు, పరస్థలాల విద్యార్థులు వచ్చినారు. ఇది వృద్ధియే. కాని ఓపెన్‌కాస్టు గని స్వభావం వేరు. భూగర్భ గని ఊరిని పైన ఉంచి క్రింద తవ్వును. ఓపెన్‌కాస్టు ఊరితోసహా నేలను తీసికొనును. లద్నాపూర్ వంటి పల్లెల ప్రజలకు ఇది అనుభవంలోని విషయం. 2013 నాటి భూసేకరణ చట్టం పరిహారాన్ని పెంచినది, పునరావాసాన్ని హక్కుగా చేసినది, యుక్తవయస్సు వచ్చిన పిల్లలను వేరు కుటుంబంగా గుర్తించినది. చేతికి సొమ్ము వచ్చును. ఆ సొమ్ముతో పట్టణంలో జాగా కొనబోతే, అదే సమయాన పరిహారం పొందినవారందరు అదే అంగడికి వచ్చినందున వెల పెరిగి ఉండును. ఎకరాలు పోగొట్టుకొన్నవాడు గజాలు కొని తెచ్చుకొనును. పొలం కౌలుకు చేసినవానికి, కూలికి పోయినవానికి ఆ పాటి సొమ్ము కూడ చేరదు. ఊరి చెరువుకు, బొడ్రాయికి, పొరుగుకు లెక్కగట్టే పద్దు ఏ చట్టంలోనూ లేదు.

ఈ చరిత్రలో స్థానికుడు, వలస వచ్చినవాడు అను భేదం చాలాకాలం నిలువదు. అరువది ఏండ్ల క్రిందట వచ్చినవాని మనుమడు నేడు స్థానికుడు. లద్నాపూర్ రైతు పొరుగు పట్టణంలో కొత్తవాడు. ఇరువురికి కావలసినది ఒక్కటే: కొలువు ముగిసినా, గని మూతపడినా తమదిగా నిలిచే ఇల్లు. ప్రతి గనికి ఆయుర్దాయం కలదు. ఎరువుల కర్మాగారం మూతపడిన 1999లో ఈ సీమ ఆ సత్యాన్ని ఒకమారు చూచినది. కనుక గని తెరిచేనాడే, అది మూతపడిన తరువాత ఆ ప్రజలు ఎక్కడ ఉందురో నిర్ణయించుట న్యాయం. రామగిరి కోటను ఏలినవారి వంశాలు మాసిపోయినా కొండ క్రింద పల్లెలు నిలిచినవి. బొగ్గు తరిగిన తరువాత కూడ అవి నిలువవలెనని కోరుట అత్యాశ కాదు గదా!