మిల్ ఇంటి బడి

ఇంట్లో ప్రాచీన విద్య అంటే మనకు అమరకోశం వల్లెవేసే పిల్లవాడే గుర్తొస్తాడు. నాకు జాన్ స్టూవర్ట్ మిల్ గుర్తొస్తాడు. చెప్పులు కుట్టే శ్రామికుని కొడుకు జేమ్స్ మిల్, తన బిడ్డను బడికి పంపక, మూడేళ్ళకే గ్రీకు, ఎనిమిదో యేట లాటిన్ మొదలుపెట్టించాడు. తోటి పిల్లలతో ఎక్కువగా కలవనివ్వలేదు. అదే బల్ల దగ్గర, మన దేశం చూడకుండా, మన భాషలు రాకుండా, బ్రిటిష్ ఇండియా చరిత్ర (1817) రాశాడు. రెంటిలోనూ లోపం ఒకటే: గ్రంథం ఉంది, మనిషి లేడు.

1826లో, ఇరవయ్యేళ్ళకే, కొడుకు నిస్పృహలో కూరుకుపోయాడు. 1828లో వర్డ్స్‌వర్త్ కవిత్వం అతన్ని తేర్చింది.

ఆ చదువును నేను తోసిపుచ్చను. 1869లో స్త్రీల బానిసత్వాన్ని ఖండించిన బుద్ధి అక్కడే పదునెక్కింది. కానీ పిల్లల చేతికి ప్రాచీన గ్రంథమిచ్చేవారు, చుట్టూ ఉన్న మనుషుల్ని కూడా చూడనిస్తున్నారా? మనం అడగవలసింది అదే.