ఖర్జూరపు పుప్పొడి: మదీనా తోటల నుండి హైదరాబాదు పండితుని వరకు

పూచే మొక్కలలో వేరు, కాండం, ఆకు ఆహారాన్ని సమకూర్చే అంగాలు. పువ్వు సంతానాన్ని సమకూర్చే అంగం. పువ్వులోని కేసరాలు పుప్పొడిని తయారుచేస్తాయి. ఆ పుప్పొడి కీలాగ్రంపై పడి మొలకెత్తి, సన్నని నాళం ద్వారా అండాశయంలోని అండాన్ని చేరినప్పుడు విత్తనం ఏర్పడుతుంది. మందారం, ఉమ్మెత్త వంటి మొక్కలలో ఈ రెండు భాగాలూ ఒకే పువ్వులో ఉంటాయి. ఖర్జూర వృక్షం తీరు వేరు. దాని మగపూలు ఒక చెట్టుకు, ఆడపూలు మరొక చెట్టుకు పూస్తాయి.

ఈ భేదం తెలుగువారికి కొత్తది కాదు. నాగార్జునసాగర్ దారిలోని తుర్కయంజాల్ వంటి రంగారెడ్డి జిల్లా ప్రాంతాలవారు ఈత, తాడి చెట్లను ఎరుగుదురు. అవీ ఇలాంటివే. పోతుతాడు, పెంటితాడు అని గీత కార్మికులు వేరుచేసి చెబుతారు. ఈతచెట్టు ఖర్జూరంతో ఒకే ప్రజాతికి చెందినది. అయితే అడవి ఈతకు గాలీ, పురుగులూ చేసే సాయం సరిపోతుంది. పండ్ల కోసం పెంచే ఖర్జూర తోటకు అది చాలదు. మగచెట్టు కాయదు కనుక రైతు దాదాపు 50 ఆడచెట్లకు ఒక్క మగచెట్టునే ఉంచుకొంటాడు. ఆడ పూగుత్తి తొడుగు పగిలిన కొద్ది రోజులలోనే మగపూల రెమ్మను అందులో చేతితో అమర్చి కడతాడు. మెసపొటేమియాలో ఇస్లాంకు రెండువేల ఏళ్ళకు పూర్వమే ఈ పద్ధతి ఉండేది. అరబ్బులు దీనిని తల్ఖీహ్ అనీ, తాబీర్ అనీ పిలిచారు.

క్రీ.శ. 622లో హిజ్రత్ చేసి మహాప్రవక్త (స) మదీనాకు వచ్చేసరికి అక్కడి అన్సార్లు ఈ పనిలో ఆరితేరినవారు. సహీహ్ ముస్లింలో హజ్రత్ తల్హా (రజి), హజ్రత్ రాఫె బిన్ ఖదీజ్ (రజి), హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ అనస్ (రజి)ల నుండి వచ్చిన ఉల్లేఖనాల సారాంశం ఇది: చెట్లెక్కి పని చేస్తున్నవారిని చూసి ప్రవక్త (స) విషయం విచారించారు. దీనివల్ల ప్రయోజనం ఉంటుందని తాము భావించడం లేదన్నారు. అది విని వారు ఆ పని మానుకొన్నారు. ఆ ఏడు పంట తగ్గింది, కాయలు నాసిరకంగా వచ్చాయి. సంగతి తెలిసినప్పుడు, తాము చెప్పినది కేవలం ఒక అభిప్రాయమనీ, ధర్మ విషయంలో తమ ఆజ్ఞను పాటించవలసి ఉందనీ, తమ ప్రాపంచిక వ్యవహారాలు వారికే బాగా తెలుసుననీ ప్రవక్త (స) స్పష్టం చేశారు.

ఆ నాసి కాయలకు హదీసులో వాడిన మాట ‘షీస్’. ఈ మాట వృక్షశాస్త్ర దృష్టిలో ఎంతో విలువైనది. ఖర్జూరపు ఆడపువ్వులో మూడు అండకోశాలు ఉంటాయి. పుప్పొడి అందితే సాధారణంగా వాటిలో ఒక్కటే పండుగా ఎదుగుతుంది, తక్కినవి రాలిపోతాయి. పుప్పొడి అందకపోతే తరచుగా మూడూ కొద్దికొద్దిగా పెరిగి, గింజ లేని చిన్న కాయలుగా మిగులుతాయి. ఫలదీకరణ జరగలేదు కనుక గింజ లేదు. పుప్పొడి నాళం తెచ్చే రెండు మగకణాలలో ఒకటి పిండాన్నీ, రెండవది పిండానికి ఆహారమయ్యే పదార్థాన్నీ ఏర్పరుస్తాయని 1898లో తెలిసింది. మనం ఉమ్మివేసే ఖర్జూరపు గట్టి గింజలో అధికభాగం ఆ ఆహార పదార్థమే. మదీనా రైతులకు ఈ కణాల సంగతి తెలియదు. ఫలితాన్ని మాత్రం సరిగా గుర్తించి, దానికి తగిన పేరు పెట్టుకొన్నారు.

నేడు ప్రతి నూతన పరిశోధననూ దివ్య ఖుర్ఆన్‌లో ముందే ఉన్నదని చూపే ఉత్సాహం కొందరిలో కనిపిస్తుంది. సూరా హిజ్ర్ 22వ ఆయతులో గాలులను గురించి వచ్చిన ‘లవాఖిహ్’ అనే పదాన్ని పరాగ సంపర్కానికి రుజువుగా చూపుతారు. పూర్వ వ్యాఖ్యాతలు ఆ పదాన్ని చెట్లకే గాక మేఘాలకూ అన్వయించారు. ఆయతు వెంటనే ఆకాశం నుండి కురిసే నీటిని ప్రస్తావిస్తుంది. మదీనా సంఘటన నేర్పే పాఠం ఇంతకంటె సూటిగా ఉంది. చెట్టును గురించిన జ్ఞానం చెట్టును పరిశీలించడం వల్ల వస్తుంది. అలా పరిశీలించినవారి అనుభవాన్ని ప్రవక్త (స) గౌరవించారు.

తాబీర్ ఫిఖహ్‌లోనూ చోటు సంపాదించుకొంది. తాబీర్ జరిగిన తరువాత చెట్లను అమ్మితే, కొనుగోలుదారు షరతు పెట్టకపోయినట్లయితే ఆ ఫలం అమ్మినవానిదేనని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్‌ల దృష్టిలో తాబీర్‌కు ముందు అమ్మితే ఫలం కొన్నవానిది. ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో షరతు లేనంతవరకు రెండు స్థితులలోనూ అది అమ్మినవానిదే. హనఫీలు అధికంగా ఉన్న హైదరాబాదులో, హజ్రమౌత్ నుండి వచ్చినవారి సంతతి నివసించే బార్కస్ షాఫయీ మజ్‌హబుకు నిలయం. ఆ విధంగా ఒకే నగరంలో రెండు అభిప్రాయాలకూ అనుయాయులున్నారు. పుప్పొడి పడిన ఘడియ యాజమాన్యపు హద్దు కాగలదా అన్నంత సూక్ష్మంగా మన ఫకీహులు ఆలోచించారు.

మొక్కల పరిజ్ఞానాన్ని గ్రంథస్థం చేసినవారిలో అబూ హనీఫా అహ్మద్ దీనవరీ ప్రముఖుడు. ఫిఖహ్ ఇమామ్ వేరు, ఈయన వేరు. పశ్చిమ ఇరాన్‌లోని దీనవర్ వాసియైన ఈయన హిజ్రీ 282 (క్రీ.శ. 895) ప్రాంతంలో మరణించాడు. ఆయన ‘కితాబున్ నబాత్’లో చాలా భాగం నశించింది. అక్షరక్రమంలో కూర్చిన మొక్కల నిఘంటువులో మొదటి భాగం దొరకగా, స్వీడన్ పండితుడు బెర్న్‌హార్డ్ లెవిన్ 1953లో దానిని ప్రకటించాడు. ‘సీన్’ నుండి ‘యా’ వరకు గల భాగం లభించలేదు.

ఆ లోటు తీర్చినది హైదరాబాదు బిడ్డ. 1908లో ఈ నగరంలో జన్మించి, జామియా నిజామియాలోనూ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ చదివి, 1948 తరువాత పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఆ పనికి పూనుకొన్నారు. దీనవరీ వాక్యాలను తరువాతి గ్రంథకర్తలు ఉదహరించిన చోటల్లా ఏరి, అక్షరక్రమంలో చేర్చి, పోయిన భాగాన్ని పునర్నిర్మించారు. అది 1973లో కైరోలో అచ్చయింది. తొలినాటి హదీసు సంకలనమైన ‘సహీఫా హమ్మామ్ బిన్ మునబ్బిహ్’ను వెలికితీసి ప్రకటించినదీ ఆయనే. హదీసుకు చేసిన సేవా, గడ్డిపోచ పేరుకు చేసిన సేవా ఆయనకు వేర్వేరు లోకాలు కావు. ఆయన 2002లో అమెరికాలో పరమపదించారు.

పుప్పొడి అందకపోతే మొలకెత్తగల విత్తనం రాదని ప్రయోగపూర్వకంగా నిరూపించి 1694లో ప్రకటించినవాడు జర్మనీకి చెందిన కామెరారియస్. అన్సార్ల తోటల్లో ఒక ఏడు తాబీర్ ఆగినప్పుడు అదే సత్యం బయటపడింది. ఆనాడు అది రైతు అనుభవంగా మిగిలింది, వెయ్యేళ్ళ తరువాత శాస్త్రమయింది. అడిగే స్వేచ్ఛనూ, పరీక్షించే స్వేచ్ఛనూ మనకు ప్రవక్త (స) నోటనే ప్రసాదించగా, ఆ అమానతును మనం ఎంతవరకు నిలుపుకొన్నాం? మన పాఠశాలల్లో, మదరసాల్లో పువ్వును విప్పి చూపే ప్రతి ఉపాధ్యాయుడూ దానికి కొంత జవాబు చెబుతున్నవాడే.