లేబర్ రూమ్‌లో మాట కూడా మందే.. డాక్టర్లు, నర్సులకు ఈ ట్రైనింగ్ ఎందుకంటే?

కాన్పుకి మంచి డాక్టర్, మందులు, రక్తం రెడీగా ఉంటే చాలనుకుంటాం. కానీ అన్నీ ఉన్నా ఒక్క మాట సరిగ్గా చేరకపోతే తల్లీబిడ్డల ప్రాణం మీదకొస్తుంది. అమెరికాలో ఆస్పత్రుల ప్రమాణాలు చూసే జాయింట్ కమిషన్ 2004లో ఈ విషయాన్నే లెక్కలతో సహా చెప్పింది. కాన్పు సమయంలో శిశువు చనిపోయిన లేదా శాశ్వతంగా దెబ్బతిన్న 47 కేసులను పరిశీలిస్తే, 72 శాతం కేసుల్లో సమాచార లోపమే ప్రధాన కారణాల్లో ఒకటిగా తేలింది. అందుకే ప్రసూతి వైద్యంలో 'ఎలా మాట్లాడాలి' అనేది కూడా ఇప్పుడు నేర్పిస్తున్నారు.

బీపీ 'కాస్త ఎక్కువ' అంటే ఎంత?

అర్ధరాత్రి నర్సు ఫోన్ చేసి "మేడమ్, పేషెంట్‌కి బీపీ కాస్త ఎక్కువుంది" అంటే డాక్టర్‌కి తీవ్రత అర్థం కాదు. అదే ఇలా చెబితే..? "బీపీ 160/110 ఉంది. తొలి కాన్పు, 37వ వారం. తలనొప్పి, కళ్లు మసకలు అంటోంది. ప్రీ-ఎక్లాంప్సియా అనుకుంటున్నా. మీరు వెంటనే రావాలి." ఇప్పుడు పరిస్థితి, నేపథ్యం, అంచనా, చేయాల్సిన పని.. నాలుగూ అరనిమిషంలో చేరిపోయాయి. ఈ పద్ధతినే 'ఎస్‌బార్' అంటారు.

గాల్లో మాటలు వద్దు

కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే గదిలో అందరూ ఒకేసారి మాట్లాడతారు. "ఎవరైనా ఇంజెక్షన్ ఇవ్వండి" అంటే, పక్కవాళ్లు ఇస్తారులే అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పేరు పెట్టి పిలిచి చెప్పాలి. విన్నవాళ్లు "ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తున్నా" అని తిరిగి చెప్పాలి. పని పూర్తయ్యాక "ఇచ్చేశా" అనాలి.

బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో 2000 నుంచి డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు కలిసి ఇలాంటి డ్రిల్స్ చేస్తున్నారు. ఆ తర్వాత అక్కడ ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతినే శిశువుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది.

తల్లితో ఎలా మాట్లాడాలి?

నొప్పులతో అరుస్తుంటే కసురుకోవడం చాలా చోట్ల మామూలే. కానీ తిట్లు తిన్న మహిళ, తర్వాత రక్తం ఎక్కువగా పోతున్నా చెప్పడానికి భయపడుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో గౌరవంగా చూడటం, అర్థమయ్యే మాటల్లో చెప్పడం, తోడుగా ఒకరిని ఉంచడం కూడా ఉన్నాయి. పరీక్ష చేసే ముందు ఎందుకో చెప్పి, ఆమె సరే అన్నాకే చేయాలి.

మన దగ్గర ఏం జరుగుతోంది?

కేంద్రం 2017 డిసెంబర్‌లో 'లక్ష్య' కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆస్పత్రుల లేబర్ రూమ్‌లలో వైద్యం నాణ్యతతో పాటు గర్భిణులను గౌరవంగా చూడటం కూడా దీని లక్ష్యమే. తెలంగాణ 2017లోనే నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ట్రైనింగ్ ఒక్కసారి ఇస్తే సరిపోదు. ఒకే నర్సు నలుగురైదుగురు గర్భిణులను చూసుకోవాల్సి వస్తే, నేర్చుకున్నది ఆచరించడం కష్టం. శిక్షణతో పాటు సిబ్బందినీ పెంచాలి.

ఇంట్లోవాళ్లు ఏం అడగొచ్చు?

* ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు సమయంలో తోడు ఉండేందుకు 2016లోనే కేంద్రం అనుమతిచ్చింది. "అమ్మనో, అక్కనో లోపలికి పంపుతారా?" అని ముందే అడగండి.
* "ఈ ఇంజెక్షన్ దేనికి? సిజేరియన్ ఎందుకు అవసరం?" అని అడగడం తప్పు కాదు.
* వేరే ఆస్పత్రికి పంపిస్తే కారణం, ఇచ్చిన మందులు, టైమ్ చీటీలో రాయించుకోండి. అక్కడి డాక్టర్‌కి ముందుగా ఫోన్ చేశారా అని కనుక్కోండి.
* తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ఎక్కువ రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా మొహమాటపడకుండా వెంటనే చెప్పండి. వినకపోతే మళ్లీ చెప్పండి.