వర్ణిక వన్నె చూసేదెవరు?

పదారు వన్నెల బంగారమని మనం అలవోకగా అనేస్తాం. ఆ పదహారు లెక్క కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. మేలిమి బంగారంలో కాకణి అనే చిన్న తూకం చొప్పున రాగి పెంచుకుంటూ పోతే పదహారు మెట్లు వస్తాయి. పరీక్షకు వచ్చిన బంగారాన్ని గీటురాయి మీద గీసి, పక్కనే వర్ణికను, అంటే వన్నె ముందే తెలిసిన బంగారపు నమూనాను గీసి, రెండు గీతలనూ పోల్చాలి. కళింగ దేశపు రాళ్లలో పెసర రంగుది శ్రేష్ఠమట. గోటికింద జేగురుపొడి దాచి గీత రంగు మార్చే మోసాన్ని కూడా ఆయన వదల్లేదు. రాయి మీదా, గీసే చేతిమీదా ఇంత అనుమానం ఉన్న ఆ ఘట్టంలో వర్ణిక మీద మాత్రం అనుమానం కనిపించదు. అది సువర్ణాధ్యక్షుడి కొలువులోది, అంతే. నేటి ప్రయోగశాలలు వాడే ప్రామాణిక నమూనాలు ఆ వర్ణికకు వారసులే. వాటికి అధికార ముద్ర ఒక్కటే చాలదు, తయారుచేసిన తీరునే బయటివాళ్లు తరచి చూడాలి అన్న సంగతి ప్రపంచానికి చాలా ఆలస్యంగా తట్టింది.

1905 ప్రాంతంలో అమెరికాలో పోత ఇనుము పనివారి సంఘం, తాము నడుపుతున్న ప్రామాణిక ఇనుప నమూనాల పనిని అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థకు అప్పగించింది. ఒకే ఇనుములో గంధకం ఎంతో ఇద్దరు రసాయనవేత్తలు రెండు రకాలుగా చెబితే కొనేవాడికీ అమ్మేవాడికీ తగువే కదా. ప్రభుత్వ సంస్థ పేరుతో నమూనా సీసా వచ్చాక తగువు తీరింది. పేరు మీద నమ్మకం అలా దశాబ్దాలు నడిచింది. ఈలోగా రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని వెస్టర్లీ గ్రానైటును, వర్జీనియా డయాబేజును పొడిచేసి జీ-1, డబ్ల్యు-1 అని పేర్లు పెట్టి ఎన్నో ప్రయోగశాలలకు పంపారు. 1951లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒకే పొడికి ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క, అదీ పేరున్న విశ్లేషకులవి. పదిమంది చెప్పినదాని సగటే సత్యం అనుకునేవాళ్లకు అది గట్టి దెబ్బ.

అంకె వేయడం వేరు, ఆ అంకెకు పూచీ పడటం వేరు. ఈ రెండో పనికి నియమావళిగా ఐఎస్ఓ గైడ్ 34 మొదటి కూర్పు 1996లో వచ్చింది. 2016లో దాని స్థానంలో ఐఎస్ఓ 17034 ప్రమాణం నిలిచింది. ఈ ప్రమాణం కింద అక్రెడిటేషన్, అంటే గుర్తింపు ఇచ్చేవాళ్లు సీసా విప్పి మళ్లీ కొలవరు. మొదటి సీసాలో ఉన్నదే చివరి సీసాలోనూ ఉందని ఎలా తేల్చారు, ఎండకూ తేమకూ గడువుదాకా మారదని ఏ పరీక్ష చెప్పింది, అంకె పక్కన రాసిన అనిశ్చితిలోకి ఈ రెండూ చేరాయా అని అడుగుతారు.

పరీక్షించే ప్రయోగశాలకు ఐఎస్ఓ 17025 ప్రమాణం కింద గుర్తింపు ఎలాగూ ఉంది, నమూనా తయారీదారుకు మళ్లీ ఇదెందుకు అనేవాళ్లున్నారు. ప్రయోగశాల జవాబుదారీ పరీక్షకు చేతికి వచ్చిన సరుకు వరకే. తయారీదారు మాత్రం తాను ఎన్నడూ మూత తీయని వెయ్యో సీసాకు పూచీ పడుతున్నాడు. పైగా ప్రయోగశాల తప్పితే ఒక నివేదిక చెడుతుంది. ప్రామాణిక నమూనా తప్పితే దాన్ని వాడినవాళ్లంతా ఒకే దిక్కుకు తప్పుతారు. అందరి లెక్కలూ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చిన్న తయారీదారులకు ఈ తంతు ఖర్చు బరువన్న ఫిర్యాదు మాత్రం నిజమే. కాగితాలు సరిగ్గా ఉండి సరుకు సరిగ్గా లేకపోయే ప్రమాదమూ ఉంది. అయితే కాగితమే లేని చోట ఆ తేడా పట్టుకునే దారీ ఉండదు.

మరి గుర్తింపు ఇచ్చేవాళ్లను ఎవరు చూస్తారు? ఒకరినొకరు. దేశాల అక్రెడిటేషన్ సంస్థల పరస్పర అంగీకారం 2020లో ప్రామాణిక నమూనాల తయారీదారులకూ విస్తరించింది. దీన్ని నిచ్చెన అనలేం, ఇది వలయమే. పై మెట్టు మీద దేవుడెవరూ కూర్చుని లేనప్పుడు వలయంతోనే పని జరుపుకోవాలి.

మన దేశంలో జాతీయ భౌతిక ప్రయోగశాల, భాభా అణు పరిశోధన కేంద్రం, ముంబయి టంకశాల కలిసి బీఎన్‌డీ-4201 అనే బంగారు ప్రామాణిక నమూనా తెచ్చాయి. హైదరాబాద్‌లో పదార్థాల కూర్పును విశ్లేషించే జాతీయ కేంద్రానికీ ఇందులో పాలుంది. దాని స్వచ్ఛత 99.99 శాతం, మలినం పది లక్షల్లో వంద పాళ్లు. పక్కనే 99.9 శాతం బంగారాన్ని గీసి చూపితే కళింగ దేశపు పెసర రంగు రాయికి కూడా తేడా తెలియదు.